ఒక్క పూత సున్నం

నెల్లూరులో కాలవ గట్టు వెంబడి పోతే, మూతబడిన ఉప్పు కొటారు ఒకటి వస్తుంది. ఒకప్పుడు కృష్ణపట్నం వైపు నించి బండ్ల మీద వచ్చిన ఉప్పంతా అందులోనే దించేవాళ్ళు. ఈ కత జరిగేనాటికి లోపల గబ్బిలాలు తప్ప ఏమీ లేవు. రోడ్డు వైపు గోడ మాత్రం పొడుగ్గా, ఎత్తుగా, తెల్లగా నిలబడి ఉండేది. పగలు చూస్తే ఉత్త గోడ. అంత గోడ ఊళ్ళో ఇంకెక్కడున్నా ఆపాటికి పిడకలతో నిండిపోయేది. దీని మీద ఒక్క పిడక లేదు.

ఎందుకంటే... రాత్రిపూట ఆ గోడలోంచి ఒక ఆడమనిషి వచ్చేది.

ఈ మాట నాది కాదు, ఊరిది. రెండో ఆట సినిమా వదిలినాక ఆ దారిన వచ్చే మొగవాళ్ళకే కనబడేదట. ముందు నీళ్ళ చప్పుడు. తర్వాత జుట్టు. ఆ తర్వాత ఏమొచ్చేదో చెప్పినవాడు లేడు, ఎందుకంటే అంతదాకా నిలబడినవాడు లేడు. బియ్యం వ్యాపారం చేసే హజరత్తయ్య తడిసిన జుట్టు చూసి, కొత్త చెప్పులు అక్కడే వదిలేసి, మూడు రోజులు జ్వరంతో మంచం మీద పడుకున్నాడు. రంగనాయకులనే కానిస్టేబులు సైకిలు వదిలేసి పరిగెత్తినాడు. సైకిలు మీద పోతే ఇంకా తొందరగా పోవచ్చని ఆయనకు తట్టలేదు. ఆ తెలివికే కదా లాఠీ ఇచ్చింది.

అప్పటికి తొమ్మిదేండ్ల కింద, ఆ కొటారు ఎదుటి కాలవలో ఒక ఆడది పడి చచ్చిపోయింది. ఆమే ఈమె అన్నారు. ఎందుకు పడిందంటే మాత్రం, ఒకరు గొంతు తగ్గిస్తారు, ఒకరు నవ్వుతారు.

ఈ ఊళ్ళో దెయ్యాలన్నీ ఆడవే ఎందుకవుతాయని ఒకసారి అడిగినాను. మొగ దెయ్యాలు లేవా? ఉన్నాయి. వాటికి ఇళ్ళున్నాయి, అంతే తేడా.

సరే, కతలోకి వస్తాను. నాకిది చెప్పింది కరుణాకుమారి. మా వీధి చివర ఉంటుంది. దేవుణ్ణి నమ్ముతుంది, మొగుణ్ణి సగం నమ్ముతుంది, దెయ్యాల్ని అసలు నమ్మదు. ఆ మొగుడు ఏసుమణి. బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టి, పెండ్లయినాక నెల్లూరు చేరినవాడు. గోడల మీద బొమ్మలు వేయడం అతని పని.

బొమ్మలంటే పటం కట్టి గోడకు తగిలించేవి కాదు. పండ్లపొడి డబ్బా, టెంటు సినిమా, ఎన్నికలొస్తే ఎద్దులజత గుర్తు... ఇట్లాంటివన్నీ ఊరి గోడల మీద వేసేవాడు. ఎవుర్నీ అడక్కుండా వేసేవాడు. తెల్లవారేసరికి బొమ్మ ఉండేది, ఏసుమణి ఉండేవాడు కాదు. ఇంటాయన కర్ర తీసుకొని వచ్చేలోపల సందులు దాటి పారిపోయేవాడు. ఒకసారి పట్టుబడి రెండు రోజులు లాకప్పులో ఉన్నాడు. ఊళ్ళో అతనికి గోడదొంగ అని పేరు. చర్చిలో కూడా అట్లనే పిలిచేవాళ్ళు, ప్రేమగా.

పందొమ్మిది వందల అరవై నాలుగులో ఊరూరా మశూచి టీకాల ఉద్యమం వచ్చింది. ఊళ్ళో నాలుగు పెద్ద గోడల మీద టీకా బొమ్మలు వేయించాలని మునిసిపల్ ఆఫీసులో అనుకున్నారు. తల్లి, చంకలో బిడ్డ, బిడ్డ చేతికి టీకా. అందులో ఒక గోడ ఏసుమణికి వచ్చింది. దానితో బాటు గుండ్రటి ముద్ర వేసిన అనుమతి కాగితం కూడా చేతికొచ్చింది.

ఆ కాగితం తెచ్చి కరుణ ముందు పెట్టి, "పగటిపూట వెయ్యొచ్చంటనే" అన్నాడట. "కింద నా పేరు కూడా రాసుకోవచ్చంట."

ఆ రాత్రి కాగితాన్ని బైబిల్లో పెట్టుకొని, తలకింద పెట్టుకొని పడుకున్నాడు.

కాగితంలో ఒక షరతు ఉంది. సోమవారం పొద్దున జిల్లా పెద్ద డాక్టరు వచ్చి ఆ గోడ ముందరే టీకాలు మొదలుపెడతాడు. అప్పటికి బొమ్మ ఉండాలి. లేకపోతే అనుమతి రద్దు. గోడ ఇంకొకరికి పోతుంది. ఏసుమణి మళ్ళీ చీకట్లో గోడలు వెతుక్కోవాలి... ఈసారి పట్టుబడితే రెండు రోజులతో వదలమని ఠాణాలో ముందే చెప్పినారు.

ఇంతకీ ఆ గోడ ఏదంటే, ఉప్పు కొటారు గోడ. మిగతా మూడు గోడలకు పోటీ పడినారు. దీనికి ఎవుడూ రాలేదు.

బుధవారం సాయంత్రం ఏసుమణి నిచ్చెన వేసుకొని, కావి రంగు నీళ్ళలో కలిపి, గోడ మీద తల్లినీ బిడ్డనీ గీసుకున్నాడు. పొద్దున ఆయిల్ రంగు వేద్దామని ఇంటికి వచ్చినాడు.

గురువారం పొద్దున పోయి చూస్తే... బొమ్మ లేదు. కావి రంగంతా కరిగి, పైనించి కిందిదాకా ఎర్రటి చారలు. గోడ మొదట్లో మట్టి ఎర్రగా తడిసి ఉంది. అప్పటికే పదిమంది పోగయినారు.

"నెత్తురు" అన్నాడొకడు.

"కావి రా, నెత్తురు కాదు!" అన్నాడు ఏసుమణి.

"కావి అయితే నువ్వేసిన కాడ ఉండాలి గదా?"

వాన లేదు. మంచు కూడా లేదు. అయినా గోడ కింద తడి.

గురువారం సాయంత్రం మళ్ళీ గీసినాడు. శుక్రవారం పొద్దున మళ్ళీ ఎర్రటి చారలు. ఈసారి ముప్పై మంది. కొటారు పాత గుమాస్తా పద్మనాభయ్య గొడుగు ఊపుకుంటా వచ్చినాడు.

"అబ్బయ్యా, నా మాట విను. ఆమె ఉండే చోట ఇంకో ఆడదాన్ని నిలబెడితే ఒప్పుకుంటుందా?"

"యాడుంది ఆమె? చూపించండి, కాగితం చూపిస్తా" అన్నాడు ఏసుమణి.

అన్నాడే గాని, ఇంటికొచ్చి అన్నం ముందు కూచుని కంచంలో చెయ్యి పెట్టలేదు. అప్పుడు కరుణ అడిగింది.

"ఇంకెన్ని రోజులు ఉండాది?"

"శని, ఆది."

"రంగు ఆరేదానికి?"

"ఒక దినమన్నా కావాలి."

"అంటే రేపు పొద్దున మొదలుపెడితేనే. అయితే ఈ రాత్రి ఎవురో ఒకరు గోడ దగ్గిర కూచోవాల."

ఏసుమణి ముద్ద నోట్లో పెట్టుకొని చాలాసేపు నమిలినాడు.

"నువ్వు కూచోబాక" అంది కరుణ. "నేను కూచుంటా. నీకు తోడు కావాలంటే రా."

రాత్రి పది దాటినాక ఇద్దరూ పోయినారు. గోడ ఎదురుగా, కాలవ వైపు, చక్రం విరిగిన ఉప్పు బండి ఒకటి పడి ఉంటుంది. దాని చాటున కూచున్నారు. లాంతరుకు గోనెసంచి కప్పింది కరుణ. దూరంగా, మలుపు దగ్గర కరెంటు స్తంభానికి ఒక మసక బల్బు. ఆ వెలుతురులో గోడ, ఆరేసిన పంచె మాదిరి ఉంది. సాయంత్రం ఏసుమణి గీసిన తల్లీబిడ్డా సన్నగా ఎర్రగా కనబడుతున్నారు.

సముద్రపు గాలి మొదలయింది. ఉప్పగా, తడిగా... ఇరవై కిలోమీటర్ల అవతలి మైపాడు నించి వచ్చి మెడ మీద చెయ్యి వేసినట్టు.

"కరుణా..."

"ఊఁ."

"పాట పాడుకుందామా?"

"నువ్వు పాడితే దెయ్యం ఉన్నా పారిపోతుంది. అప్పుడు ఎవురు చేసినారో తెలీదు. నోరు మూసుకో."

పదకొండు దాటింది. పన్నెండు దాటి ఉంటుంది. కాలవలో కప్పల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఎక్కడో... బుడుంగుమని ఒక చప్పుడు. కడవ నీళ్ళలో ముంచినట్టు.

తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత గోడ పైన... ఛళ్ మని.

నీళ్ళు. గోడ పైనించి నీళ్ళు జారుతున్నాయి. మనిషి లేడు, చెయ్యి లేదు. ఆకాశంలోంచి జారినట్టు నీళ్ళు దిగుతున్నాయి. ఏసుమణి గీసిన తల్లి తల కరిగింది. బిడ్డ కరిగింది. ఎర్రటి ధారలు కిందికి పాకినాయి.

నీళ్ళు తగిలిన చోట... తెలుపు పోతా ఉంది.

నల్లగా ఏదో వస్తోంది. ముందు ఒక మచ్చ. ఆ మచ్చ వెడల్పయింది. జుట్టు! తడిసిన నల్లటి జుట్టు. నీళ్ళలోంచి పైకి లేచే మనిషికి ముందు జుట్టే కనబడుతుంది కదా... అట్లా లేస్తోంది. జుట్టు తర్వాత నొసలు. పాపిట. మళ్ళీ ఛళ్ మన్నాయి నీళ్ళు... మెడ, భుజం, ఆకుపచ్చ చీర కొంగు. ఆ పక్కన గాజుల చెయ్యి ఒకటి గోడలోంచి మెల్లగా బయటికి వస్తా ఉంది.

ఏసుమణి లేచినాడు. కరుణ అతని చొక్కా పట్టుకుంది.

"పోతావా? పో. కాగితం నాకిచ్చి పో."

"కరుణా, అది... అది చూడవే..."

"చూస్తానే ఉండా."

చూస్తానే ఉందంటే ధైర్యం అనుకునేరు. కాదని ఆమే చెప్పింది. "కాళ్ళు కదల్లేదక్కా. కదిలి ఉంటే నేనే ముందు పరిగెత్తేదాన్ని. కాళ్ళు కదిలేసరికి కోపం వచ్చేసింది. మూడు దినాలనించి నా మొగుడి పని నీళ్ళపాలు చేస్తా ఉండాదే ఈమె అని."

లాంతరు మీది గోనెసంచి లాగేసి, నేరుగా గోడ దగ్గరికి పోయింది. ఎదురుగా ఆమె, ఆకుపచ్చ చీరలో, మనిషికి రెండింతల ఎత్తున. కరుణ చెయ్యి చాపి, ఆమె పాదం మీద పెట్టింది.

చల్లగా ఉంది. తడిగా ఉంది. గరగరమని ఉంది. చెయ్యి వాసన చూసుకుంది. సున్నం వాసన.

అప్పుడు పైనించి, చీకట్లోంచి, మెల్లగా ఒక గొంతు...

"కనబడిందా?"

కరుణ చేతిలో లాంతరు ఊగింది.

"అమ్మా... ఎవురో ఉండారు గదా. కనబడిందా?"

తలెత్తి చూసింది. గోడ అంచు మీద ఒక తల. తెల్లటి జుట్టు. ఆ తల కిందికి వంగి ఉంది గాని, ఆమెను చూడటం లేదు. ఆమె పక్కకు, ఎవరూ లేని చోటికి చూస్తోంది.

"ఎవురు నువ్వు?" అంది కరుణ.

"నువ్వు అరవలేదే?" అంది ఆ తల. "అందరూ అరుస్తారే. అరిస్తే అబ్బ, కనబడింది అనుకుంటా. ఎవురూ అరవకపోతే ఇంకో కడవ పోస్తా."

ఏసుమణి ఒక చేత కర్ర పట్టుకొని వచ్చి లాంతరు పైకెత్తినాడు. అప్పుడు గుర్తుపట్టింది కరుణ. పగలంతా కాలవ గట్టు మీద కూచుని కొబ్బరి పీచుతో తాళ్ళు పేనే ముత్యాలయ్య. రెండు కళ్ళూ లేనివాడు. ఏడాదికి రెండుసార్లు ఆమె బావి చేద తాడు కోసం అతని దగ్గర బేరమాడుతుంది.

కొటారు లోపలి వైపు, మూటలు ఎక్కించేదానికి కట్టిన మెట్లున్నాయి. గోడ అంచుదాకా పోతాయి. పై మెట్టు మీద ముందే మోసి పెట్టుకున్న నీళ్ళ కడవలు ఉంటాయి. వాటిని తడుముకుంటా దిగి, ఇటుకలూడిన సందులోంచి బయటికి వచ్చినాడు. చేతిలో మట్టి కడవ. ఒళ్ళంతా తడి.

"రెండో ఆట వదిలే వేళ చూసుకొని పోస్తానమ్మా" అన్నాడు. "అప్పుడైతే మనుషులు వస్తారు గదా చూసేదానికి."

ముత్యాలయ్య ఒకప్పుడు గోడబొమ్మల పనివాడు. ఆ మాట వినగానే ఏసుమణి చేతిలోని కర్ర కింద పెట్టేసినాడట.

తొమ్మిదేండ్ల కింద, ఒక బట్టల అంగడి ఆయన ఈ గోడ మీద చీర కట్టుకున్న ఆడమనిషి బొమ్మ కావాలన్నాడు. ముత్యాలయ్య, తన భార్య ఆదిశేషమ్మను ఎదురుగా నిలబెట్టుకొని వేసినాడు. బొమ్మ ఎంత బాగా కుదిరిందంటే, బండ్లు ఆపుకొని చూసినారు. చూసినవాళ్ళు ఊరుకోలేదు. బజారులో ఆదిశేషమ్మ కనబడితే ఈలలు వేసినారు. గోడ మీద ఉన్నదే గదా, అందరిదీ గదా అన్నారు. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఆమె బిందె పక్కన బిందె పెట్టలేదు.

ఆ ఊరికి తొమ్మిదేండ్ల తర్వాత బొమ్మ గుర్తులేదు. అన్న మాటలన్నీ మాత్రం గుర్తున్నాయి.

"అందరూ అన్నారు తాతా, సరే" అంది కరుణ. "నువ్వేమన్నావు?"

ముత్యాలయ్య కడవను అటూ ఇటూ తిప్పినాడు.

"ఒకటే మాటన్నా. నాకు నీ మొహం చూపించబాక అన్నా."

ఆ రాత్రే ఆమె కాలవలో పడింది.

పదో దినం కాకముందే అంగడి ఆయన బొమ్మ చెరిపెయ్యమన్నాడు. ఎవుర్ని పిలిచినాడంటే, ముత్యాలయ్యనే. వేసినవాడే చెరపాలంట. మూడు పూతలు సున్నం కొట్టమన్నాడు.

"ఒక్క పూతే కొట్టినానమ్మా. పలచగా. మనసు రాలేదు. మొహం పూసేసరికి చెయ్యి జారి, బక్కెట్టు తిరగబడి... సున్నమంతా కళ్ళలో పడింది. రెండు కళ్ళలోనూ."

పనివాళ్ళకు తెలిసిన సంగతే ఇది. పలచగా కొట్టిన సున్నం ఆరినంతసేపూ తెల్లగా ఉంటుంది. తడిస్తే కింద ఉన్న రంగును దాచలేదు. వానలోనూ కనబడేదే, కానీ వానలో ఆ గోడకేసి తలెత్తే ధైర్యం ఎవుడికుంది? ఆమె ఫోటో ఎవుడు తీసినాడు కనక? భూమ్మీద ఆమె మొహం ఉండేది ఆ సున్నం కిందనే. అతను చూడలేడు. చూసినవాడెవడన్నా చెబుతాడని నీళ్ళు పోస్తాడు. వాళ్ళు అరిచి పరిగెత్తుతారు. తొమ్మిదేండ్లుగా ఆ అరుపులే అతనికి ఆమె సంగతి.

"ఇంతకీ మీరెవురు? ఈడెందుకు ఉండారు?" అన్నాడు ముత్యాలయ్య.

ఏసుమణి చెప్పినాడు. టీకా బొమ్మ, సోమవారం, అనుమతి. చెబుతా ఉంటే అతని గొంతులో ఉన్న కోపం పలచబడింది.

"ఏ రంగు?" అని అడిగినాడు ముసలాయన.

"ఆయిల్ రంగు."

పనివాడికి పనివాడు చెప్పిన మాట. ఇంక వివరించేదేమీ లేదు. ఆయిల్ రంగు మీద ఎన్ని కడవలు పోసినా ఏమీ రాదు.

ముత్యాలయ్య కడవ నేల మీద బోర్లించినాడు.

"అయితే ఇంక రాదు" అన్నాడు. "నువ్వు నీ పని చేసుకో నాయనా. ముద్రేసిన కాగితం అంటే మాటలు గాదు. నా కాలంలో లేవు అట్లాంటివి."

గోడ అప్పటికే ఆరడం మొదలయింది. పైనించి తెల్లబడతా వస్తోంది. ఆదిశేషమ్మ జుట్టు సగం పోయింది.

ఏసుమణి గోడకేసి చూసినాడు. కాగితం ఉన్న జేబు తడుముకున్నాడు. మళ్ళీ గోడకేసి చూసినాడు.

"తాతా, ఆ కడవ తియ్యి" అన్నాడు ఉన్నట్టుండి. "పైకి పోయి నీళ్ళు పొయ్యి. నేను చాలనే దాకా పోస్తానే ఉండు. కరుణా, లాంతరు. ఆ బండిలోంచి ఒక మేకు పీకియ్యి."

"ఏం చెయ్యబోతావు?"

"టీకా తల్లికి ఎవురి మొహమో ఒకరి మొహం వెయ్యాలి గదా. ఫలానా మొహం వెయ్యమని కాగితంలో లేదు."

ఆ రాత్రి రెండో ఆట వదిలి వచ్చినవాళ్ళు ఏం చూసినారో వాళ్ళే చెప్పాలి. గోడలోంచి ఆకుపచ్చ చీర మనిషి లేచి నిలబడి ఉంది. పైనించి నీళ్ళు పడుతున్నాయి. ఒకడు నిచ్చెన మీద నిలబడి ఆమె మొహం గోకుతున్నాడు. ఇంకొక ఆడది కింద లాంతరు పట్టుకొని "ఎడమకు, ఇంకొంచెం ఎడమకు" అంటోంది. వీధి వీధంతా ఒక్కసారిగా ఖాళీ అయిందట. గోడ మీద ముసలాయనకు జీవితంలో అంత పెద్ద అరుపు ఎప్పుడూ వినబడలేదు.

మేకు మొనతో, సున్నం లోపలికి, కింద కనబడే గీత మీదనే గీత. పాపిట, నొసలు, ముక్కు, కళ్ళు, గడ్డం, భుజం, కొంగు. ఆరిపోతే ఆగడం, నీళ్ళు పడితే మళ్ళీ మొదలుపెట్టడం. తెల్లవారుజామున కోళ్ళు కూసేటప్పటికి ఏసుమణి నిచ్చెన దిగినాడు. చేతి వేళ్ళు సున్నానికి పగిలి నెత్తురు కారుతున్నాయి.

బొమ్మ సోమవారానికి పూర్తయింది. ఆకుపచ్చ చీర, చంకలో బిడ్డ, కింద ఎడమ మూల ఏసుమణి, ఆర్టిస్టు అని పేరు. పెద్ద డాక్టరు మెచ్చుకున్నాడు. బొమ్మలో తల్లి మన ఊరి మనిషిలాగే ఉందన్నాడు. ఆ సంవత్సరంలోనే ఇంకో రెండు గోడలకు కాగితాలొచ్చినాయి. కొటారు దగ్గర దెయ్యం సంగతి అడిగితే, ఏముంది, సున్నం, నీళ్ళు, ఒక గుడ్డి ముసలాయన అని కరుణ అందరికీ చెప్పింది. విన్నవాళ్ళందరూ నవ్వినారు. హజరత్తయ్య అందరికన్నా గట్టిగా నవ్వినాడు.

కానీ శనివారం పొద్దున జరిగిన ముక్క ఒకటి ఉంది. అది కరుణ ఎవురికీ చెప్పలేదు. మొన్న నాకు చెప్పింది, తలుపు దగ్గరికి వేసి.

శనివారం ఎండ వచ్చింది. గోడ ఆరింది. తెల్లటి సున్నం మీద మేకు గీతలు మాత్రం మిగిలినాయి. ఇంకా రంగు పడలేదు. ఏసుమణి డబ్బా మూత తీస్తా ఉంటే, ముత్యాలయ్య అడిగినాడట.

"రంగు పడకముందు ఒకసారి చెయ్యి పెట్టి చూసుకోనా?"

ఇద్దరూ పట్టుకొని అతన్ని నిచ్చెన ఎక్కించినారు. కరుణ నిచ్చెన కాలు పట్టుకుంది. ఏసుమణి వెనక మెట్టు మీద నిలబడి నడుము పట్టుకున్నాడు.

ముసలాయన వేళ్ళు గోడ మీద పడినాయి. తాళ్ళు పేని పేని మొద్దుబారిన వేళ్ళు. భుజం మీదుగా మెడ మీదికి వచ్చినాయి. కొంగు మడత దగ్గర ఆగి, "అవును, ఈడ మూడు మడతలు వేసినా" అన్నాడు. గడ్డం దొరికింది. నవ్వినాడు. పాపిట దొరికింది. పాపిట వెంబడి నొసటి మీదికి దిగినాయి వేళ్ళు.

"ఇది కన్ను."

"అవును తాతా" అన్నాడు ఏసుమణి.

వేళ్ళు ముక్కు దాటి ఇవతలికి వచ్చి ఆగిపోయినాయి. మళ్ళీ వెనక్కి పోయినాయి. మళ్ళీ వచ్చినాయి.

"ఇదేంది?"

"అదీ కన్నే. రెండో కన్ను."

నిచ్చెన సన్నగా వణకడం కరుణ అరచేతులకు తెలుస్తా ఉంది.

"నేను ఒక్క కన్నే వేసినాను" అన్నాడు ముత్యాలయ్య.

"ఏంది తాతా?"

"పక్కమొహం వేసినా. కాలవ వైపు చూస్తన్నట్టు. ఆడది తిన్నగా చూస్తా ఉంటే బాగుండదు, తిప్పు అన్నాడు అంగడి ఆయన. ఒక కన్ను, ఒక చెవి. అంతే వేసినా. నాకు బాగా తెలుసు."

ఏసుమణి ఆయన నడుము మీద పట్టు బిగించినాడు. "నేను సొంతంగా ఏమీ గియ్యలేదు తాతా. కింద ఏ గీత ఉంటే ఆ గీత మీదనే పోయినా. వట్టు."

"లాంతరు పట్టుకుంది నేను" అంది కరుణ కిందనించి. "రెండు కళ్ళూ నేను చూసినా."

ఎండలో గోడ తళతళమంటోంది. రోడ్డు మీద ఉప్పు బండి ఒకటి గజ్జెలు మోగించుకుంటా పోయింది. ముసలాయన వేళ్ళు ఆ రెండో కంటి మీదనించి కదల్లేదు.

"ఎవుర్ని చూస్తా ఉండాదమ్మా?" అన్నాడు, ఎవురికీ వినబడకూడదన్నట్టు.

కరుణ తలెత్తి చూసింది. చెప్పాలా వద్దా అనుకుంది. చెప్పింది.

"ఎదురుగా ఉన్నోళ్ళని తాతా."

ఎదురుగా ఉన్నది అతనే.

అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, కాలినట్టు. తొమ్మిదేండ్లు కడవలు మోసిన మనిషి... నిచ్చెన మీద మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

"సున్నం కొట్టెయ్యండి నాయనా" అన్నాడు. "మూడు పూతలు కొట్టండి. మీకు దణ్ణం పెడతా. చెరిపెయ్యండి."

ఏసుమణి కరుణ వైపు చూసినాడు. కరుణ గోడ వైపు చూసింది. నిచ్చెనను ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

"బొమ్మ వెయ్యడానికే ఉంది తాతా అనుమతి. చెరపడానికి లేదు."